పాత లాప్‌టాప్‌లో హెచ్‌డీ సినిమా ఆడుతుందా? షాపుకి వెళ్లేముందు ఇవి చూస్కోండి

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే బాబాయ్ నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు, "ఒరేయ్, నీ చెల్లెలి పెళ్లి క్యాసెట్ తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతోందిరా, లాప్‌టాప్ పోయినట్టుంది" అని. క్యాసెట్ అంటే క్యాసెట్ కాదు, వీడియోగ్రాఫర్ ఇచ్చిన 64 జీబీ పెన్ డ్రైవ్, బాబాయ్‌కి పెళ్లి వీడియో ఎప్పటికీ క్యాసెట్టే. లాప్‌టాప్ 2012లో కొన్నది, ఐ3, 4 జీబీ ర్యామ్. అప్పటికే దాన్ని ఒక షాపులో చూపించాడంట, వాళ్లు మూత తెరిచి స్టిక్కర్ చూసి "ఇది ఓల్డ్ మోడల్ సార్, హెచ్‌డీ రాదు, కొత్తది తీస్కోండి" అని పంపించేశారు. విచిత్రం ఏంటంటే అదే లాప్‌టాప్‌లో పిన్ని రోజూ ఫుల్ హెచ్‌డీ సినిమాలు చూస్తోంది, ఒక్క దగ్గర కూడా ఆగదు. మరి హెచ్‌డీ రాకపోతే అవెలా వస్తున్నాయి?

అక్కడే ఉంది అసలు సంగతి. లాప్‌టాప్ ఎంత పాతది అన్నది సగం ప్రశ్నే, మిగతా సగం ఆ వీడియో ఫైల్‌ని ఏ పద్ధతిలో కుదించారు అన్నది, ఆ పద్ధతి మీ లాప్‌టాప్‌లో ఉన్న చిప్‌కి తెలుసా లేదా అన్నది. ఈ రెండూ కలిస్తే పదేళ్ల లాప్‌టాప్ కూడా హాయిగా ఆడిస్తుంది, కలవకపోతే ర్యామ్ పెంచినా ఎస్ఎస్‌డీ వేసినా ఉపయోగం ఉండదు. అందుకే డబ్బు ఖర్చు పెట్టేముందు వరసగా ఏం చూడాలో రాస్తున్నా, అరగంట పని.

ముందు లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కలు

సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. అంటే ఒక్కో బొమ్మని విప్పి స్క్రీన్ మీద పెట్టడానికి లాప్‌టాప్‌కి దాదాపు 42 మిల్లీసెకన్ల టైమ్ ఉంది, ఆ టైమ్‌లో అవ్వకపోతే ఆ బొమ్మని వదిలేసి తర్వాతదానికి పోతుంది, మనకి అది జర్కులా కనపడుతుంది, ఇంకా ముదిరితే మాట ముందు వచ్చి పెదాలు తర్వాత కదులుతాయి. ఫుల్ హెచ్‌డీ బొమ్మంటే 1920 అడ్డం 1080 నిలువు, మొత్తం దాదాపు 20.7 లక్షల చుక్కలు. 720 అయితే 9.2 లక్షలు, 4కే అయితే ఏకంగా 83 లక్షలు.

ఇన్ని చుక్కల్నీ ఫైల్లో అలాగే పెడితే హార్డ్ డిస్క్ చాలదు కాబట్టి ముందు బొమ్మకీ ఈ బొమ్మకీ మారిందేంటో అది మాత్రమే రాసి కుదిస్తారు. పంతులుగారు కూర్చుని మంత్రాలు చదువుతుంటే వెనక మండపం మారదు, ఆయన చెయ్యీ మూతీ తప్ప, కాబట్టి పని తక్కువ. అదే తలంబ్రాలు పోసుకునేటప్పుడు వేలకొద్దీ బియ్యపు గింజలు ఒక్కోటీ ఒక్కో దిక్కుకి ఎగురుతుంటాయి, పైనుంచి పూలరేకులు, వెనకనుంచి చుట్టాలు పోసే అక్షింతలు, మెరుపు కాగితాలు, ముందు బొమ్మ నుంచి వాడుకోడానికి ఏమీ మిగలదు, ప్రతి బొమ్మా దాదాపు కొత్తగా కట్టుకోవాల్సిందే. బాబాయ్ లాప్‌టాప్ సరిగ్గా తలంబ్రాల దగ్గరే ఎందుకు చేతులెత్తేసిందో అర్థమైందిగా. మీరు టెస్ట్ చేసేటప్పుడు కూడా ఇలాంటి సీన్ దగ్గరే చెయ్యండి, టైటిల్స్ బాగా వచ్చాయని సంబరపడిపోవద్దు.

ఈ విప్పే పనిని రెండు రకాలుగా చెయ్యొచ్చు. ప్రాసెసరే కూర్చుని లెక్కలు కట్టుకుంటే అది సాఫ్ట్‌వేర్ డీకోడింగ్, ఫ్యాన్ గిర్రుమంటుంది. గ్రాఫిక్స్ చిప్‌లో ఈ పనికోసమే కట్టిన చిన్న భాగం ఉంటే అదే చేసేస్తుంది, అది హార్డ్‌వేర్ డీకోడింగ్, ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది. చిక్కల్లా ఏంటంటే ఆ చిన్న భాగానికి చిప్ తయారైన రోజున ఏ ఫార్మాట్లు నేర్పారో అవే వస్తాయి, తర్వాత ఏ అప్‌డేట్ వేసినా పూర్తిగా కొత్త విద్య రాదు.

మొదటి పని: మీ లాప్‌టాప్ ఏ తరందో చూడండి

విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న బాక్స్ వస్తుంది, అందులో డీఎక్స్‌డయాగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ చెయ్యండి (డి, ఎక్స్, డి, ఐ, ఎ, జి). మొదటి పేజీలో ప్రాసెసర్ పేరు, డిస్‌ప్లే ట్యాబ్‌లో గ్రాఫిక్స్ పేరు ఉంటాయి. రెండూ పేపర్ మీద రాస్కోండి.

ఇంటెల్ కోర్ ఐ3, ఐ5, ఐ7 అయితే తరం చెప్పడం ఈజీ, గీత తర్వాత అంకె చూడాలి. బాబాయ్‌ది ఐ3-2350ఎం, నాలుగంకెల నంబర్ 2తో మొదలైంది కాబట్టి రెండో తరం. ఐ3-370ఎం లాగా మూడంకెలే ఉంటే మొదటి తరం. సెలెరాన్, పెంటియమ్ అయితే ఈ లెక్క పనిచెయ్యదు, మోడల్ నంబర్ పూర్తిగా కొట్టి ఇంటెల్ సైట్లో ఏ సంవత్సరానిదో చూస్కోవాలి.

ఇప్పుడు ఎవరికి ఏం వచ్చో చెప్తా. 2008కి ముందు ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవి, ముఖ్యంగా జీఎంఏ 950 అని కనపడితే, తర్వాత వచ్చిందే అయినా జీఎంఏ 3150 అని కనపడినా, హెచ్.264 కి (మామూలు హెచ్‌డీ సినిమాలు కుదించే పద్ధతి పేరు ఇది) హార్డ్‌వేర్ సాయం లేదు, అంతా ప్రాసెసర్ మీదే. ఆ రోజుల్లో చిన్న చిన్న నెట్‌బుక్‌లు వచ్చేవి గుర్తుందా, ఆటమ్ ప్రాసెసర్‌తో, అవి ఈ కోవే, 720 కే ఆయాసపడతాయి, 1080 మీద ఆశ వదిలేసుకోండి. అదే గ్రాఫిక్స్ ఉన్నా ప్రాసెసర్ 2 గిగాహెర్ట్జ్ దాటిన కోర్ 2 డ్యుయో అయితే 720 బాగానే లాగుతుంది, 1080 ఫైల్‌ని బట్టి ఉంటుంది. 2008లో వచ్చిన జీఎంఏ 4500 ఎంహెచ్‌డీ నుంచి, 2010లో వచ్చిన మొదటి తరం కోర్ నుంచి హెచ్.264 హార్డ్‌వేర్లోనే విప్పుతుంది, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ సినిమాకి ఢోకా లేదు.

హెచ్.265 దగ్గరకొస్తే కథ వేరు, దాన్నే హెచ్ఈవీసీ అంటారు. ఆ ప్రమాణం ఖరారైందే 2013లో, 2012 చిప్‌కి అదెలా తెలుస్తుంది చెప్పండి. నాలుగు, ఐదు తరాల్లో డ్రైవర్ ద్వారా అరకొరగా ఇచ్చారు, 2015లో వచ్చిన ఆరో తరం నుంచి 8 బిట్ హెచ్ఈవీసీ పక్కాగా వచ్చింది (బిట్ అంకె అంటే ఒక్కో చుక్క రంగుని ఎంత సూక్ష్మంగా రాశారన్నది), 10 బిట్ కావాలంటే ఏడో తరం ఉండాలి. యూట్యూబ్ వాడే వీపీ9 కి కూడా ఏడో తరమే. అన్నిటికన్నా కొత్తది ఏవీ1, 2018లో ఖరారైంది, దానికి ఇంటెల్‌లో పదకొండో తరం దాకా ఆగాల్సిందే.

ఏఎండీ లాప్‌టాప్ అయితే 2011 నాటి ఈ-350 లాంటి చిన్న చిప్‌లకి కూడా హెచ్.264 వచ్చు, హెచ్ఈవీసీ 2015 కారిజోతో వచ్చింది, రైజెన్ లాప్‌టాప్ ఉంటే అసలు ఈ పోస్ట్ చదవక్కర్లేదు. ఎన్‌విడియాలో 2007 నాటి 8400, 8600 సిరీస్ నుంచే హెచ్.264 ఉంది. ఇక్కడొక మాట, "నాది 2 జీబీ గ్రాఫిక్స్ కార్డండీ, మరెందుకు రాదు" అని అడుగుతుంటారు, ఆ 2 జీబీ మెమరీ సైజు, దానికీ డీకోడింగ్‌కీ చుట్టరికం లేదు.

రెండో పని: ఫైల్ జాతకం చూడండి

చాలామంది ఇది చూడరు, ఫైల్ చివర ఎంకేవీ, ఎంపీ4 అని ఉంటే అదే ఫార్మాట్ అనుకుంటారు. అవి డబ్బా పేర్లు, లోపల ఏ సరుకుందో చెప్పవు, ఒకే ఎంపీ4 లో హెచ్.264 ఉండొచ్చు హెచ్.265 ఉండొచ్చు. వీఎల్‌సీ ప్లేయర్లో ఫైల్ ప్లే చేసి కంట్రోల్ పట్టుకుని జె నొక్కండి, కోడెక్ (అంటే కుదించిన పద్ధతి) సమాచారం వస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చిన్నది, ఇది నేను ప్రతి ఒక్కరి లాప్‌టాప్‌లో వేసి పెడతా.

అందులో చూడాల్సినవి నాలుగు. కోడెక్ ఏవీసీనా (అంటే హెచ్.264) హెచ్ఈవీసీనా ఇంకోటా, రిజల్యూషన్ ఎంత, బిట్ డెప్త్ 8 నా 10 నా, బిట్ రేట్ (సెకనుకి ఎంత డేటా అన్నది) ఎంత. బిట్ రేట్ కనపడకపోతే నోటి లెక్క వేస్కోవచ్చు, రెండు గంటల సినిమా 4 జీబీ ఉంటే సెకనుకి నాలుగున్నర మెగాబిట్లు, ఇది పాత లాప్‌టాప్‌కి కూడా తేలికే. అదే బ్లూరే డిస్క్ నుంచి నేరుగా తీసినది అయితే వీడియో ఒక్కటే 40 మెగాబిట్ల దాకా పోవచ్చు.

బాబాయ్ పెన్ డ్రైవ్‌లో ఏముందో చూస్తే నాకే నవ్వొచ్చింది. హెచ్ఈవీసీ, 4కే, 10 బిట్, సెకనుకి 25 బొమ్మలు, 40 మెగాబిట్లు, మూడు గంటలు, 54 జీబీ ఒకే ఫైల్. పాత లాప్‌టాప్‌కి పడనివన్నీ ఏరి ఏరి ఒక్కచోట పోసినట్టుంది. వీడియోగ్రాఫర్ తప్పు కూడా కాదులెండి, ఆల్బమ్ ప్యాకేజీలో 4కే అని రాసుకున్నారు, 4కే ఇచ్చారు.

ఇంకొక మాయదారి రకం ఉంది, 10 బిట్ హెచ్.264. పేరు హెచ్.264 అనే ఉంటుంది, ప్రొఫైల్ దగ్గర హై 10 అని ఉంటుంది, జపాన్ యానిమే ఫైళ్లలో ఎక్కువ. పాత లాప్‌టాప్‌లలో ఏ చిప్పూ దీన్ని హార్డ్‌వేర్లో విప్పదు. మీకు అన్నీ ఆడి ఇదొక్కటే ఆగుతుంటే కారణం ఇదే.

ఫోన్ వీడియోల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఐఫోన్‌లో 2017 నాటి ఐఓఎస్ 11 నుంచి, దానికి తగ్గ ఫోన్ అయితే మామూలుగా హెచ్ఈవీసీలోనే రికార్డ్ అవుతుంది, 2020లో ఐఫోన్ 12 వచ్చాక హెచ్‌డీఆర్ కూడా తోడైంది, అంటే 10 బిట్. అమెరికా నుంచి మనవడి వీడియో పంపితే తాతగారి లాప్‌టాప్‌లో ఆగి ఆగి రావడమో రంగులు వెలిసిపోయినట్టు ఉండడమో జరిగేది దీనివల్లే. ఆ పంపేవాళ్లని సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమని చెప్పండి, ఇక్కడ మీరు పడే తిప్పలు తప్పుతాయి.

మూడో పని: పెట్టి చూడండి, అంకెలు చూడండి

కంటికి బాగానే ఉంది అనుకోవడం వేరు, అంకె చూడడం వేరు. వీఎల్‌సీలో ఇందాకటి కంట్రోల్ జె బాక్స్‌లోనే స్టాటిస్టిక్స్ ట్యాబ్ ఉంది, అక్కడ లాస్ట్ ఫ్రేమ్స్ అని ఉంటుంది, గోల గోలగా ఉండే సీన్ ఒక రెండు నిమిషాలు ఆడనిచ్చి ఆ అంకె పెరుగుతుందేమో చూడండి. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ ఎంత శాతం వాడుతోందో చూడండి. ఫుల్ హెచ్‌డీ ఆడుతుంటే 10, 20 శాతంలో ఉంటే హార్డ్‌వేర్ పనిచేస్తున్నట్టు, 70, 80 కి పోతే ప్రాసెసర్ ఒంటరిగా మోస్తున్నట్టు, 100 కి అంటుకుపోతే ఇక చెప్పక్కర్లేదు.

విండోస్ 10 టాస్క్ మేనేజర్‌లో జీపీయూ అని ఒక పేజీ, అందులో వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఉంటుంది, అది కదిలితే మీ చిప్ పనిచేస్తున్నట్టే. కానీ రెండో తరం, మూడో తరం లాప్‌టాప్‌లలో డ్రైవర్ పాతది కాబట్టి ఆ పేజీయే రాదు, రాలేదని గ్రాఫిక్స్ పోయిందని కంగారు పడకండి.

బాబాయ్ లాప్‌టాప్‌లో పిన్ని చూసే సినిమా పెడితే (హెచ్.264, 1080) ప్రాసెసర్ 15 శాతం దగ్గర కూర్చుంది. పెళ్లి వీడియో పెట్టగానే 100, సెకనుకి ఐదారు బొమ్మలు వస్తున్నాయేమో, చెల్లెలు తలంబ్రాలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, సౌండ్‌లో మాత్రం సన్నాయి అయిపోయి అందరూ చప్పట్లు కొట్టేస్తున్నారు.

నాలుగో పని: ఆడాల్సిన ఫైల్ కూడా ఆడకపోతే

మీ చిప్‌కి తెలిసిన ఫార్మాటే, అయినా ఆగుతోంది అంటే అది బాగుచెయ్యగల జబ్బు. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేది డ్రైవర్. విండోస్ మళ్లీ వేయించినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ వెయ్యకుండా ఇచ్చేస్తారు, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే ఎడాప్టర్స్ కింద ఇంటెల్ పేరు లేకుండా స్టాండర్డ్ వీజీఏ అనో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అనో ఉంటే అదే రోగం. లాప్‌టాప్ కంపెనీ సైట్లో మీ మోడల్ పేజీకి వెళ్లి డ్రైవర్ దింపుకుని వేస్తే చాలు, అప్పటిదాకా ఏడ్చిన సినిమా పరిగెడుతుంది.

తర్వాత ప్లేయర్. వీఎల్‌సీ 3 వెర్షన్ 2018లో వచ్చినప్పటినుంచి హార్డ్‌వేర్ డీకోడింగ్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది, అంతకన్నా పాతది వాడుతుంటే ముందు కొత్తది వేస్కోండి. టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్ కోడెక్స్‌లోకి వెళ్తే హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ కనపడుతుంది, ఆటోమేటిక్‌లో పెట్టండి, అప్పుడు పచ్చగా గీతలొస్తే డీఎక్స్‌వీఏ 2.0 పెట్టి చూడండి, పాత ఇంటెల్‌కి అదే ఎక్కువ పడుతుంది. మార్చాక వీఎల్‌సీ మూసి తెరవాలి. నా మటుకు నాకు పాత లాప్‌టాప్‌లో వీఎల్‌సీ కన్నా ఎంపీసీ-హెచ్‌సీ తేలిగ్గా నడుస్తుందనిపిస్తుంది, మెనూలతో పనిలేనివాళ్లకి ఎంపీవీ ఇంకా తేలిక, అందులో ఐ నొక్కితే హార్డ్‌వేర్ వాడుతోందా లేదా, ఎన్ని ఫ్రేములు పోయాయి అన్నీ స్క్రీన్ మీదే చెప్తుంది, కంట్రోల్ హెచ్ కొడితే హార్డ్‌వేర్ ఆన్ ఆఫ్ అవుతుంది, తేడా కళ్లముందే కనపడుతుంది. విండోస్ 10 తో వచ్చే ప్లేయర్ హెచ్ఈవీసీ ఫైల్ పెడితే ఎక్స్‌టెన్షన్ కొనమంటుంది, కొనొద్దు, వీఎల్‌సీలో ఆ డీకోడర్ ఉచితంగానే ఉంది. పైగా మీ చిప్‌కి రానప్పుడు ఎక్స్‌టెన్షన్ కొంటే చిప్‌కి వచ్చేస్తుందా ఏంటి.

వేడి. పదినిమిషాలు బాగా ఆడి తర్వాత జర్కులు మొదలైతే ఇదే. ఫ్యాన్‌లో పదేళ్ల దుమ్ము గడ్డకట్టి ఉంటుంది, ప్రాసెసర్ మీద పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, వేడెక్కగానే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. కోర్ టెంప్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే 90 డిగ్రీలు దాటుతుంటే విప్పించి క్లీన్ చేయించండి, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఈ పని మన ఎదురుగానే చేసేస్తారు, ఊళ్లలో కూడా లాప్‌టాప్ రిపేర్ చేసేవాళ్లందరికీ వచ్చు. పరుపు మీద, దిండు మీద పెట్టి సినిమా చూసే అలవాటుంటే ముందు అది మానండి, గాలి వెళ్లే దారి కిందే ఉంటుంది చాలావాటికి.

పవర్ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూడండి, పవర్ సేవర్‌లో ఉంటే ప్రాసెసర్‌ని కట్టేసినట్టే. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉండాలి. కొన్ని లాప్‌టాప్‌లు తమ కంపెనీది కాని చార్జర్ పెడితే గుర్తుపట్టి స్పీడ్ తగ్గించేస్తాయి, చార్జర్ పీకేస్తే సినిమా బాగా ఆడి పెడితే ఆగుతుంటే చార్జర్ మార్చి చూడండి. బ్యాక్‌గ్రౌండ్‌లో విండోస్ అప్‌డేటో యాంటీవైరస్ స్కానో నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగండి, పాత హార్డ్ డిస్క్ ఉన్నవాటిలో ఆ రెండూ కలిసి పడితే నోట్‌ప్యాడ్ కూడా తెరుచుకోదు.

పెన్ డ్రైవ్ స్లోగా ఉందేమో అని అందరికీ అనుమానం. 40 మెగాబిట్లంటే సెకనుకి 5 మెగాబైట్లు, పాత యూఎస్‌బీ 2 పోర్ట్ కూడా దానికి ఐదారు రెట్లు ఇవ్వగలదు, కాబట్టి ఎక్కువసార్లు తప్పు దానిది కాదు. అనుమానం తీరాలంటే ఫైల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని ఆడించండి.

ఐదో పని: చిప్‌కి రాని ఫైల్ అయితే

ఇక్కడ మూడు దారులు. మొదటిది బతిమాలుకోవడం. ఫుల్ హెచ్‌డీ 8 బిట్ హెచ్ఈవీసీ, బిట్ రేట్ తక్కువగా ఉంటే రెండో తరం ఐ3 కూడా సాఫ్ట్‌వేర్లో ఎలాగోలా లాగేస్తుంది, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసి ఎంపీవీలో పెట్టి చూడండి. ఫైల్ హెచ్.264 అయ్యుండి లాప్‌టాప్ కోర్ 2 డ్యుయో కాలంది అయితే వీఎల్‌సీలో అదే కోడెక్స్ పేజీలో ఇన్‌లూప్ డీబ్లాకింగ్ ఫిల్టర్ స్కిప్ చేసే ఆప్షన్ ఉంది, దాన్ని ఆల్ అని పెడితే బొమ్మ కాస్త గళ్లుగళ్లుగా అవుతుంది కానీ పని బాగా తగ్గుతుంది.

రెండోది ఫైల్‌ని మార్చేయడం, బాబాయ్‌కి నేను చేసింది ఇదే. ఇక్కడ ఒక లెక్క చూడండి. ఆ లాప్‌టాప్ స్క్రీన్ 1366 అడ్డం 768 నిలువు, అంటే మొత్తం పదిన్నర లక్షల చుక్కలే. 83 లక్షల చుక్కల 4కే బొమ్మ తెచ్చి దాంట్లో చూపించాలంటే ఎనిమిదింట ఏడు వంతులు పారబోయాల్సిందే, దానికోసం ప్రాసెసర్ ఉసురు తియ్యడం ఎందుకు? 720 కి మార్చుకుంటే ఆ స్క్రీన్ మీద తేడా పట్టుకోవడం నాకే కష్టమైంది.

హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైల్ లాగి అందులో పడేసి ప్రీసెట్స్‌లో ఫాస్ట్ 720పీ30 ఎంచుకుని, వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264 అని, పక్కన 10 బిట్ అని లేకుండా ఉందో లేదో చూసుకుని, స్టార్ట్ నొక్కడమే. క్వాలిటీ ఆర్ఎఫ్ 20 నుంచి 23 మధ్య పెట్టుకోండి, అంకె తగ్గేకొద్దీ ఫైల్ పెద్దదవుతుంది. ముందు రెండు నిమిషాల ముక్క మాత్రమే మార్చి చూడండి (రేంజ్ దగ్గర సెకన్స్ పెట్టుకుంటే ముక్క తీస్కోవచ్చు), అది బాగుంటేనే మొత్తం. ఈ పని పాత లాప్‌టాప్‌లోనే చేస్తే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, బాబాయ్‌దాంట్లో మొదలుపెట్టి మిగిలిన టైమ్ చూసి ఆపేశా, నా ఎనిమిదో తరం ఐ5 లో పెడితే రెండు గంటల్లోపే అయిపోయింది, మేం భోజనాలు చేసి అరిసెలు తినేలోపు. ఇంట్లో ఎవరిదో ఒకరిది కొత్త లాప్‌టాప్ ఉంటుంది, అది అడగండి. అసలు 4కే ఫైల్‌ని మాత్రం డిలీట్ చెయ్యొద్దు, దాన్ని ఇంకో డిస్క్‌లో దాచిపెట్టండి, రేపు ఎప్పుడో పెద్ద టీవీ కొంటారు.

మూడో దారి లాప్‌టాప్‌నే పక్కన పెట్టడం. హాల్లో 4కే స్మార్ట్ టీవీ ఉంటే దాని వెనక యూఎస్‌బీకి పెన్ డ్రైవ్ నేరుగా పెట్టి చూడండి, 4కే టీవీలు దాదాపు అన్నీ హెచ్ఈవీసీ 10 బిట్‌ని నవ్వుతూ ఆడిస్తాయి. లాప్‌టాప్ నుంచి కేబుల్ వేసి టీవీలో చూద్దామనుకుంటే మాత్రం విప్పే పని మళ్లీ లాప్‌టాప్‌దే, జర్కులు పెద్ద స్క్రీన్ మీద ఇంకా పెద్దగా కనపడతాయి, అంతే తేడా.

యూట్యూబ్, ఓటీటీ చూసేవాళ్లకి

డౌన్‌లోడ్ చేసిన సినిమా బాగా ఆడి యూట్యూబ్‌లో 1080 ఆగుతుంటే నెట్‌ని తిట్టకండి ముందే. వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ నొక్కండి, కోడెక్స్ దగ్గర వీపీ09 అనో ఏవీ01 అనో ఉంటే మీ పాత చిప్‌కి రానిది వస్తోందని అర్థం, పక్కనే డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె కూడా పెరుగుతుంటుంది. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేస్కుంటే యూట్యూబ్ మనకి హెచ్.264 ఇస్తుంది, 1080 వరకే ఉంటుంది కానీ పాత లాప్‌టాప్‌కి అంతకన్నా ఎందుకు. నాలుగైదు లాప్‌టాప్‌లకి వేశా, ఫ్యాన్ సౌండ్ తగ్గడం చెవికి తెలుస్తుంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఇంకా విండోస్ 7 మీద ఉంటే క్రోమ్ 2023లోనే దానికి కొత్త వెర్షన్లు ఆపేసింది, విండోస్ 10 కి కూడా 2025 అక్టోబర్ 14 తో మామూలు సపోర్ట్ అయిపోయింది, కాబట్టి అలాంటి లాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చెయ్యకుండా సినిమాలకి మాత్రమే ఉంచుకోవడం మంచిది.

ఓటీటీల్లో కాపీ రక్షణ గోల ఉంటుంది, పాత వీజీఏ కేబుల్‌తో టీవీకి కలిపితే ఆ రక్షణ ఉండదు కాబట్టి హెచ్‌డీ ఇవ్వకపోవచ్చు, హెచ్‌డీఎంఐ వాడండి. బ్రౌజర్లో ఓటీటీ చూడాలంటే 4 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, ఎస్ఎస్‌డీ వేస్తే కూడా సుఖమే. కానీ ఫైల్ పెట్టుకుని సినిమా చూడడానికే అయితే 2 జీబీ చాలు, ఎస్ఎస్‌డీ వల్ల లాప్‌టాప్ త్వరగా లేస్తుంది తప్ప సినిమా నున్నగా రాదు.

తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తే వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ పేజీలో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టి, ఫాంట్ విండోస్ 7 అయితే గౌతమి, 10 అయితే నిర్మల యూఐ ఎంచుకోండి.

చివరగా పెన్ డ్రైవ్ సంగతి, ఎందుకంటే బాబాయ్ దగ్గర నేను ఇరుక్కుంది ఇక్కడే. మార్చిన ఫైల్ 5 జీబీ వచ్చింది, పిన్ని దగ్గరున్న పాత 16 జీబీ పెన్ డ్రైవ్‌లో కాపీ చెయ్యబోతే ఫైల్ మరీ పెద్దదిగా ఉంది అని ఎర్రర్. ఖాళీ 14 జీబీ ఉంది, అయినా పట్టదంటుంది. అది ఫ్యాట్32 లో ఫార్మాట్ అయ్యుంది, దాంట్లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. అందులో ఉన్నవి పక్కకి కాపీ చేసుకుని రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కింది. మీరు ఫార్మాట్ చేసేముందు అందులో ఏముందో ఇంట్లోవాళ్లని ఒకటికి రెండుసార్లు అడగండి, పిన్నిదాంట్లో సీరియల్ పాటలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.